చెప్పి చేయించుకొన్న గిటారు

వాద్యములలో అంగడికి పోయి కొనితెచ్చుకొనునవి కొన్ని, పనివానికి చెప్పి చేయించుకొనవలసినవి కొన్ని. హార్మోనియము మొదటి తెగలోనిది. వీణ రెండవ తెగలోనిది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి గ్రామమందలి వీణకారులు ఒకే పనస దుంగను తొలిచి, కుండను దండిని విడదీయక చెక్కుదురు. దానినే ఏకాండ వీణ అందురు. అట్టి వీణ కావలెనన్నవాడు ముందుగా చెప్పి, దుంగ ఆరువరకు ఓపికపట్టి, పిదప తన చెవికి సరిపోవునట్లు మేళము కట్టించుకొని తెచ్చుకొనవలసినదే.

మన తెలంగాణములోని కిన్నెర సంగతి ఇంకను విచిత్రమైనది. వెదురు దండికి సొరకాయ బుర్రలు కట్టి, మైనముతో మెట్లు నిలిపి, వాయించువాడే తయారుచేసికొను వాద్యమది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ బిరుదముతోపాటు దేశవ్యాప్తమైన పేరు వచ్చినది. ఆ కిన్నెర ఏ అంగడిలోను దొరకదు. దాని మంచిచెడ్డలు చెప్పగలవాడు దానిని చేసిన వాడొక్కడే.

ఇప్పుడు ఈ ప్రస్తావన యెందుకనగా, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో కాలేజీలో చదువుకొను బాలురు కొందరు విద్యుత్ గిటారు మీద మోజుపడుచున్నారు. మోజుపడుట తప్పు కాదు. అంగడి గిటారుతో తృప్తి లేక, తమకు కావలసిన కొలతలతో, కావలసిన కొయ్యతో ప్రత్యేకముగా చేయించుకొనవలెననువారు కూడ అందులో ఉన్నారు. ఈ ప్రాంతము నుండి గల్ఫు దేశములకు పోయి చెమటోడ్చుచున్నవారి సంఖ్య చిన్నది కాదు. అన్న ఎండలో ఇనుపకడ్డీలు మోసి పంపిన సొమ్ము తమ్ముని ఒడిలో గిటారుగా మారినప్పుడు, అది మంచి గిటారా కాదా అన్న ప్రశ్న సంగీతమునకు మాత్రమే సంబంధించినది కాదు. అంగడి సరుకునకైన పక్కన మరియొకటి పెట్టి పోల్చవచ్చును. చేయించుకొన్నదానికి జత లేదు. దాని విలువ కట్టుట ఎట్లు?

ముందు ఆ వాద్యము స్వభావము కొంత తెలియవలెను. వీణకు కుండ ఉన్నది, తంబురకు బుర్ర ఉన్నది. తీగ చేసిన చిన్న ధ్వనిని ఆ బోలు భాగము పెద్దది చేయును. విద్యుత్ గిటారుకు ఆ బోలు అక్కరలేదు. తీగల క్రింద అయస్కాంతములు, వాని చుట్టును సన్నని రాగితీగ చుట్టిన కండె ఉండును. దానిని పికప్ అందురు. ఉక్కు తీగ కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము చలించి, రాగితీగలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. తరగతిలో అయస్కాంతమును తీగచుట్టలో ఆడించి గాల్వనోమీటరు ముల్లు కదలించి చూపుదుము గదా, ఇక్కడ ఆడునది తీగ, అంతే భేదము. కనుకనే నైలాను తీగలు వేసిన గిటారుకు ఈ పికప్ పనిచేయదు. అమెరికాలో 1930 దశాబ్ది ప్రారంభమున రికెన్‌బాకర్ సంస్థ వారు పోతపోసిన అల్యూమినియము గిటారును ఈ పద్ధతిలో తయారుచేసినారు. చూచుటకు పెనమువలె ఉండుటచే దానికి ‘వేపుడు పెనము’ అనియే ముద్దుపేరు వచ్చినది. 1950 ప్రాంతమున ఫెండరు, 1952లో గిబ్సను సంస్థలు బోలు లేని కొయ్య గిటారులను అంగడికి తెచ్చినవి. తరువాతి కథ లోకమునకు తెలిసినదే.

అట్టి వాద్యమును మన సంగీతమునకు లొంగదీసిన తెలుగువాడు ఎవరని అడిగిన, గిటారు కాకపోయినను దాని దగ్గరి చుట్టమైన మాండలీనును చూపవలెను. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలీను చేతబట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరీ చేసినాడు. మాండలీనుకు సహజముగా జంటజంటలుగా ఎనిమిది తీగలుండును. జంట తీగను పక్కకు లాగి గమకము పలికించుట కష్టము. రెండు తీగలు రెండు విధముల సాగి శ్రుతి చెడును. ధ్వని నిలువదు గనుక ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారుటకు వ్యవధి ఉండదు. ఆయన జంటలు విడిచి, ఐదు విడి తీగలు గల విద్యుత్ మాండలీనును గ్రహించినాడు. ఒక్క తీగ గనుక వ్రేలు చెప్పినట్లు వినినది. విద్యుత్తు తోడగుటచే నాదము నిలిచినది. తోడిరాగము కూడ ఆ వాద్యమున పలికినది. 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014 సెప్టెంబరు 19న నలుబది ఐదేండ్లకే ఆయన కన్నుమూయుట మన దురదృష్టము. ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటున్నది. ఆయన వాద్యము అందముకొరకు మారలేదు. ప్రతి మార్పునకును ఒక సంగీత కారణము ఉన్నది. ప్రత్యేకముగా చేయించుకొనుటకు అర్హత అట్టి కారణమే అని నా అభిప్రాయము.

ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్ కూడ ఇట్లే చేసినాడు. డాక్టరు ఎస్. రామనాథన్‌గారి వద్ద వీణ నేర్చుకొన్న ఆయన, 1970 దశాబ్దిలో ‘శక్తి’ బృందము కొరకు ప్రత్యేకమైన గిటారు చేయించుకొన్నాడు. మెట్ల నడుమ కొయ్యను దోనెవలె తొలిపించి, వీణపై వలె తీగను లోతుగా లాగుటకు వీలు కల్పించుకొన్నాడు. ప్రధానమైన తీగల క్రిందుగా అడ్డముగా మరి ఏడు తీగలు శ్రుతికొరకు వేయించినాడు. తరువాతి కాలమున శ్రీనివాస్ ఆయన పక్కన కూర్చుండి వాయించుట విశేషము.

ధనము లేనివానికి మార్గమే లేదా? ఇంగ్లండులో 1963లో బ్రయన్ మే అను బడి పిల్లవాడు గిటారు కొనుటకు సొమ్ము చాలక, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రితో కలిసి ఇంటిలోనే తయారుచేయ పూనుకొన్నాడు. పాత పొయ్యిగూటి పైనుండిన మహాగని పలకతో దండి, పాత ఓకు బల్లతో కాయము, మోటారు సైకిలు స్ప్రింగులతో తీగల బిగువు మార్చు ఏర్పాటు, తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలతో మెట్ల గుర్తులు. రెండేండ్లు పట్టినది. ఆ గిటారుతోనే అతడు ‘క్వీన్’ బృందమున ప్రపంచమంతయు తిరిగినాడు. 2007లో ఖగోళ భౌతిక శాస్త్రమున డాక్టరేటు కూడ పొందినాడు. తండ్రీకొడుకులు కలిసి చేసిన ప్రయోగము అంత కాలము నిలుచుట అరుదు.

ఇక చేయించుకొనదలచినవాడు ముందుగా చేయవలసినది తనకేమి కావలెనో కాగితముపై వ్రాయుట. మేరువు నుండి గుర్రము వరకు తీగ నిడివి ఎంత, దండి వెడల్పు ఎంత, మెట్లెన్ని, ఏ కొయ్య, ఏ పికప్, ఎన్ని మాసములలో, లోపమున్న ఎవరు సరిచేయవలెను, అన్నియు. నోటిమాటతో బయానా యిచ్చినవానికి తరువాత తగవు తప్ప మరేమియు మిగులదు. తీగ నిడివి 648 మిల్లీమీటర్లు ఫెండరు పద్ధతి. గిబ్సను పద్ధతి సుమారు 628. నిడివి హెచ్చిన కొలది తీగ బిగువు హెచ్చును, లాగుటకు బలము కావలెను. గమకములు కోరువాడు ఈ సంగతి మరువరాదు.

కొయ్య విషయమున మన ప్రాంతపువారికి వేరే జాగ్రత్త కావలెను. జగిత్యాల జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. జూన్ చివర వానలు పడగానే అదే గదిలో తలుపులు ఉబ్బి మూతపడవు. తలుపు ఉబ్బినపుడు గిటారు దండి ఊరకుండునా? పచ్చికొయ్యతో చేసినది మొదటి వేసవికే ఒంగును; కొయ్య కుంచించుకొనగా మెట్ల కొనలు పక్కకు పొడుచుకొని వచ్చి చేతిని గీరును. కనుక కొయ్య ఎన్నేండ్లు ఆరినదని అడుగుట మొదటి ప్రశ్న కావలెను. మన టేకు నిలకడ గల కొయ్యయే, కాని దానిలో నూనె ఉండుటచే అతుకు వేయుటకు ముందు ఆ భాగమును శుభ్రముగా తుడువనిచో జిగురు పట్టదు. ఇరుగుడు జాతి కొయ్యలు మెట్లపలకకు శ్రేష్ఠమని పేరు. ఆ జాతి యంతయు 2017 నుండి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలోనికి వచ్చినది. 2019 చివరనుండి తయారైన వాద్యములకు మాత్రము మినహాయింపు కలిగినది. విదేశమునుండి తెప్పించుకొనువారికి ఈ సంగతి తెలియుట మంచిది.

కొయ్యపై ఇంత వ్రాసి, మరియొక మాట చెప్పకుండుట న్యాయము కాదు. విద్యుత్ గిటారు స్వరగుణమున కొయ్య పాలు ఎంత అన్నది తెగని వాదము. వీణలో పనస కొయ్యకున్నంత ప్రభావము దీనిలో లేదనుట మాత్రము నిశ్చయము. పికప్, తీగలు, ఆంప్లిఫయరు ఎక్కువ పని చేయును. అరుదైన కొయ్య అని అమ్మకపువాడు ధర రెట్టించినపుడు, ఆ అరుదుతనము కంటికా చెవికా అని అడుగవలెను.

కోరుట్లలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పుట ఉపయోగము. డిగ్రీ చదువు విద్యార్థి ఒకడు దూరపు పట్టణమున పనివానిచేత గిటారు చేయించుకొన్నాడు. సొమ్ము దుబాయిలోనున్న అన్నది. మాసముల తరబడి ఎదురుచూడగా వచ్చినది. చూచుటకు ముచ్చటైన పని. అతుకు ఎక్కడనో తెలియదు, నునుపు అద్దమువలె ఉన్నది. కాని క్రింది మెట్లలో బాగుగనే పలుకునది పైమెట్లకు పోవుకొలది అపస్వరముగా తోచినది. స్నేహితులు కొందరు వాని చెవిలోనే లోపమన్నారు. పనివాడు ఫోనులో తీగలు మార్చి చూడుమన్నాడు. తీగలు మార్చినను మారలేదు. “సారూ, అన్నకు ఏమని చెప్పాలె? అమ్ముదామంటే ఎవడు కొంటడు?” అని ఆ బాలుడు గిటారు పెట్టె పట్టుకొని నా వద్దకు వచ్చినాడు.

సంగీతము సంగతి అటుంచి, మేము స్కేలు తీసికొన్నాము. తీగ సగము నిడివికి కుదించిన పై షడ్జము పలుకవలెను. అది పండ్రెండవ మెట్టు. 648 మిల్లీమీటర్ల తీగకు అది సరిగా 324 మిల్లీమీటర్ల వద్ద ఉండవలెను. వాని గిటారులో 321.6 వద్ద ఉన్నది. రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ తేడా. కొయ్యపనిలో అంత మెలకువ గల చేయి అంత పొరపాటు చేయునా అని సందేహము కలిగి, మొదటి మెట్టు కొలిచినాము. సరిగా 36 మిల్లీమీటర్లు. అప్పుడు గుట్టు బయటపడినది.

మెట్లు వేయుటకు నేటి లెక్క ఇది: స్థాయిని పండ్రెండు సమభాగములుగా విభజించిన, ఒక్కొక్క మెట్టుకు స్పందన సంఖ్య 1.05946 రెట్లు పెరుగవలెను. దానిని పండ్రెండుమారులు గుణించిన రెండు వచ్చును. దానినుండి సాధించిన, తీగ నిడివిని 17.817తో భాగించినచో మొదటి మెట్టు దూరము వచ్చును. 648కి అది 36.37. మిగిలిన 611.63ను మరల 17.817తో భాగించిన రెండవ మెట్టు, ఇట్లు పోవలెను. గణిత యంత్రములు లేని కాలమున పనివారు సులభముగా 18తో భాగించెడివారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ స్వయముగా వీణవంటి ల్యూటు వాయించు విద్వాంసుడు. 1581లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఈ 18, 17 నిష్పత్తినే సూచించినాడు. దాని ప్రకారము పండ్రెండు మెట్లు వేసిన తరువాత మిగులు తీగ సగము కాదు, 0.5036 వంతు. 648ని దానితో గుణించి చూడుడు: 326.4. అనగా మెట్టు 2.4 మిల్లీమీటర్లు మేరువువైపునకు తరుగును. కోరుట్ల గిటారులో తరిగినదీ అంతే. ఆ పనివాడు తన గురువు చెప్పిన పాతలెక్క విడువలేదు. చేతిపని గొప్పది, లెక్క పాతది.

తేడా ధ్వనిలో ఎంత? అర్ధస్వరమును 100 సెంట్లుగా భావించిన, పండ్రెండవ మెట్టువద్ద పన్నెండు సెంట్లు దిగుడు. తంబుర శ్రుతిలో చెవి పెరిగినవానికి ఇది ముల్లువలె గుచ్చును. బాలుని చెవి మంచిదే. మరి చికిత్స? మెట్లు పీకి వేయనక్కరలేదు. 18తో భాగించినను మెట్ల నడుమ నిష్పత్తి ఒక్కటే గనుక, గుర్రమును ముందుకు జరిపి పండ్రెండవ మెట్టు సగమునకు వచ్చునట్లు చేసిన తక్కినవి కూడ దాదాపు చక్కబడును. 321.6ను రెట్టించిన 643.2, అనగా గుర్రము 4.8 మిల్లీమీటర్లు ముందుకు రావలెను. అప్పుడు ఐదవ మెట్టువద్ద మిగులు లోపము ఒక్క సెంటు. అదియును గాక, తీగను మెట్టుకు నొక్కినపుడు బిగువు పెరిగి స్వరము కొంచెము హెచ్చును గనుక అంత దూరము కూడ జరుపనక్కరలేదు. విద్యుత్ గిటారు గుర్రముపై తీగతీగకు వేరువేరు చిన్న దిమ్మెలు, వానికి మరలు ఉండును. మర తిప్పుచు, పండ్రెండవ మెట్టుపై తీగను తాకీతాకనట్లు మీటి, తరువాత నొక్కి మీటి, రెండును కలియువరకు సరిచేసినాము. గంట పట్టినది. ఆ రాత్రి అన్నకు ఏమి చెప్పినాడో నేనడుగలేదు.

ఈ పరీక్ష ఏ గిటారుకైనను చేయవచ్చును, ఏ అమ్మకపువాని మాటలతోను పనిలేదు. తక్కిన పరీక్షలు కొన్ని ఇంతకన్న సులభము. దండిని తుపాకి గురిచూచినట్లు కన్నువద్ద పెట్టి చూచిన మెలిక తెలియును. తీగను మొదటి మెట్టువద్ద ఒక చేతితో, దండి కాయమును కలియుచోట మరియొక చేతితో నొక్కిపట్టిన, నడుమ మెట్టుకును తీగకును దళసరి కాగితమంత సందు ఉండవలెను. అసలు లేకున్న తీగ కొట్టుకొని గరగరమనును, ఎక్కువైన వ్రేళ్లు నొచ్చును. దండిలోని ఉక్కు కడ్డీని బిగించి వదలి ఈ సందును సరిచేయవచ్చును. పిదప ప్రతి తీగను ప్రతి మెట్టుపైనను ఒక్కొక్కమారు మీటి వినవలెను. ఆరు తీగలు, 22 మెట్లు, 132 మీటులు. విసుగుపడువాడు చేయించుకొన్న వాద్యము జోలికి పోకుండుట మేలు. ఆ మీదట తీగను రెండు స్వరముల మేరకు పక్కకు లాగి వదలి, శ్రుతి తిరిగి యథాస్థానమునకు వచ్చినదా చూడవలెను. రానిచో దోషము బిరడలలో గాని మేరువు గాడిలో గాని ఉండును. సిరిసిల్ల మరమగ్గములవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పడుగులో కొన్ని పోగుల బిగువు తప్పినను గుడ్డపై చార పడునని వారికి తెలియును. వ్రేలితో తాకి బిగువు చెప్పగల నేతరి గిటారు తీగ ముట్టినను చెప్పగలడు.

పికప్ విషయమున మన పల్లెలలో పెద్ద ధైర్యమున్నది, కాని ఎవరును గుర్తించరు. బోరుబావి మోటారు కాలిపోయిన దానికి తిరిగి రాగితీగ చుట్టువారు మండలమునకు పలువురున్నారు. పికప్ కూడ అట్టి చుట్టే. తీగ మాత్రము వెంట్రుకవంటిది, 0.063 మిల్లీమీటర్లు, చుట్లు ఏడెనిమిది వేలు. మల్టీమీటరు పెట్టిన సాధారణముగా ఐదారువేల ఓములకు పైబడి నిరోధము చూపవలెను. సున్న గాని అనంతము గాని చూపిన చుట్ట చెడినదే. ఒంటి చుట్టగల పికప్ మన ఇంటి 50 హెర్ట్జుల విద్యుత్తు రొదను కూడ పట్టుకొని గుయ్యిమనును. ఎదురెదురు దిశల చుట్టిన రెండు చుట్టలను జతపరచి ఆ రొదను ఒకదానిచే ఒకటి కొట్టివేయించు ఉపాయమును గిబ్సను సంస్థలో సేథ్ లవరు 1955లో సాధించినాడు.

కొలతలు అయినవి, ఇక చెవి. ఇక్కడనే మనిషి మోసపోవును. ఎక్కువ సొమ్ము పోసినవానికి తన వాద్యము మధురముగా వినబడుట సహజము. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్ మున్నగువారు 21 మంది వయొలిను విద్వాంసులకు వెల్డింగు కళ్లద్దములు తగిలించి, మసక గదిలో ఆరు వయొలినులిచ్చినారు. మూడు కొత్తవి, మూడు ప్రాతవి. ప్రాతవానిలో రెండు స్ట్రాడివేరియసులు. పాతవి ఏవో చెప్పలేకపోయినారు. అన్నిటికన్న తక్కువ మంది మెచ్చినది ఒక స్ట్రాడివేరియసే. కొత్త గిటారు విలువ కట్టదలచినవాడు కూడ తెర వెనుక స్నేహితుని కూర్చుండబెట్టి, అదే ఆంప్లిఫయరుకు తన గిటారును, ఒక అంగడి గిటారును మార్చిమార్చి తగిలించి వినవలెను. ముందుగా విద్యుత్తు లేకుండ వినుట ఇంకను మంచిది; తీగ ఎంతసేపు మ్రోగునో, ఏ మెట్టున మూగవోవునో అప్పుడే తెలియును. ఆంప్లిఫయరు పెద్ద గొంతుతో అన్ని దోషములను కప్పివేయును.

అన్నిటికన్న ముఖ్యమైన పరీక్ష ధ్వనికి సంబంధించినది కాదు. గిటారు తీగలు సాధారణముగా లోపలి తీగ ద్వారా ఆంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. ఎర్తు సరిగా ఉన్నంత కాలము అది రక్షణ. ఎర్తు లేని పాత ప్లగ్గుకు తగిలించినపుడు, ఆంప్లిఫయరులో ఏ లోపమున్నను ఆ ఇనుపతీగలే ప్రాణాంతకములు కాగలవు. ఒక చేతిలో గిటారు, పెదవులవద్ద మైకు ఉన్నప్పుడు మరియును. 1972 మే 3వ తేదీన ఇంగ్లండు పొరుగున వేల్సులోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వీ అను గిటారు విద్వాంసుడు ఎర్తు సరిగా లేని మైకును ముట్టి వేదికపైననే మరణించినాడు. మన బడులలో వార్షికోత్సవము నాడు అద్దె మైకుసెట్టు, పందిరిలోనికి లాగిన తాత్కాలికపు వైరు, మూడవ పుల్ల విరిచివేసిన ప్లగ్గు, తడినేల అన్నియు ఒకేచోట కూడును. పిల్లవాడు గిటారుతో వేదిక ఎక్కుటకు ముందు ఎలక్ట్రీషియనుచేత ప్లగ్గువద్ద ఎర్తు పరీక్ష చేయించి, గిటారుకును మైకుకును ఒకే చోటినుండి కరెంటు ఇప్పించి, తీగను టెస్టరుతో ముట్టి దీపము వెలుగలేదని చూచిన తరువాతనే వానిని వాయించనీయవలెను.